గెలిచినవాడు వెళ్లిపోయాక...

మా మేనకోడలికి పదకొండేళ్లు. పోయిన వేసవి సెలవులకు మా ఇంటికొచ్చింది. చేతిలో నింటెండో స్విచ్. అన్నం తింటున్నా అదే, మంచమెక్కినా అదే. నాలుగు రోజులు గడిచాయో లేదో, ఆ వీడియో గేమ్ కాస్తా టీవీ పక్కన ఓ మూల పడి ఉంది. పిల్లేమో కిటికీ దగ్గర కూర్చుని కాగితం మీద పక్షుల బొమ్మలు గీసుకుంటోంది.

"ఏమ్మా, ఛార్జింగ్ అయిపోయిందా?" అన్నాను.

"లేదు మావయ్యా. ఇంకొక్క రాక్షసుణ్ని కొడితే ఆట అయిపోతుంది. గెలిచేస్తాను."

"మరి కొట్టవేం?"

"నేను గెలిస్తే మారిన్ ఉండదు. ఆ ఊరు కూడా ఉండదు."

ఓడిపోతున్నామని తెలిసి క్యారమ్ బోర్డు ఎత్తేసినవాళ్లు మా ఇంటినిండా ఉన్నారు. గెలుపు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఎవరీ మారిన్ అని అడిగాను. పిల్ల చెప్పింది. ఆ తర్వాత నేనూ ఆ ఆటల వెంట పడ్డాను. ఆడటం నాకు సరిగ్గా రాదు. దాని పక్కన కూర్చుని చూశాను, అడిగాను, చదివాను. పిల్లల ఆట కదా అని తేలిగ్గా తీసుకున్నదాంట్లో ఇంత చీకటి ఉందా అనిపించింది. ఈవారం ఆ సంగతే మీతో పంచుకుందామని.

పైకి జానపదం

ఆ ఆట పేరు 'లింక్స్ అవేకెనింగ్'. 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' అనే పెద్ద వరసలో అదొకటి. మొదటి జెల్డా ఆట 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో వచ్చింది. రూపకర్తలు షిగెరు మియమోటో, తకాషి తెజుకా. మియమోటో పెరిగింది క్యోటోకి దగ్గరలోని సొనొబేలో. చిన్నప్పుడు ఊరి చుట్టూ ఉన్న కొండలూ పొలాలూ పట్టుకు తిరుగుతూ, కనబడిన గుహలోకి లాంతరు పట్టుకుని దూరిన అనుభవమే ఈ ఆటకు మూలమని ఆయన చాలాసార్లు చెప్పాడు.

కథ మనకు కొత్తదేం కాదు. హైరూల్ అనే రాజ్యం. జెల్డా అనే రాకుమారి. గానన్ అనే మాయలమారి. లింక్ అనే కుర్రవాడు. ఆకుపచ్చ బట్టలు, కత్తి, డాలు. పేరు జెల్డాదే అయినా మన చేతిలో ఆడేది మాత్రం ఎక్కువగా ఈ లింకే. జెల్డాను ప్రధానపాత్ర చేసి 'ఎకోస్ ఆఫ్ విజ్‌డమ్' తెచ్చింది 2024లో. లింక్ నోరు విప్పి మాట్లాడడు. గుహలు దాటతాడు, రాక్షసుణ్ని చంపుతాడు, రాజ్యాన్ని కాపాడతాడు. శుభం కార్డు!

అచ్చం మన పాత జానపద సినిమా. అయితే ఆ సినిమాలో మనం అడగని ప్రశ్న ఒకటుంది. వీరుడు గుర్రమెక్కి వెళ్లిపోయాక, దారిలో అతనికి నీళ్లిచ్చినవాళ్లు, దారి చూపించినవాళ్లు ఏమయ్యారు? జెల్డా ఆటలు తయారుచేసినవాళ్లు ఆ లెక్క రాసిపెట్టారు. పెద్దగా చదివి వినిపించరు. వెతుక్కునేవాడికి కనిపించేలా మూలమూలల దాచారు.

కలలో ఊరు

మారిన్ దగ్గరికి వద్దాం. 'లింక్స్ అవేకెనింగ్' 1993లో గేమ్ బాయ్ కోసం వచ్చింది. 2019లో స్విచ్ మీద కొత్త బొమ్మలతో మళ్లీ వచ్చింది. తుపానులో పడవ పగిలిపోయి లింక్ కొహోలింట్ అనే దీవికి కొట్టుకొస్తాడు. ఒడ్డున పడి ఉన్న అతణ్ని చూసి కాపాడిన అమ్మాయే మారిన్. చక్కగా పాడుతుంది. సముద్రపు కొంగనై ఎగిరిపోవాలని, దూరాన ఉన్న ఊళ్లవాళ్లకి తన పాట వినిపించాలని కలలు కంటుంది.

దీవిలో కొండ కొమ్మున పెద్ద గుడ్డు. అందులో విండ్ ఫిష్ అనే మహామత్స్యం నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపితేగానీ లింక్ ఇంటికి పోలేడు. లేపాలంటే ఎనిమిది వాద్యాలు సంపాదించాలి. సరే, బయల్దేరతాం. కథ సగం దాటాక ఒక గుడి గోడ మీద నిజం బయటపడుతుంది. ఈ దీవి, ఈ మనుషులు, ఈ పాట, అన్నీ ఆ చేప కంటున్న కల! చేప లేస్తే కల చెదిరిపోతుంది.

ఇప్పుడు మొదట్నుంచీ జరిగినవి ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఊళ్లో పిల్లలు లింక్‌తో ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెబుతారు. చెప్పి, నేను చిన్నపిల్లాణ్ని, దానర్థం నాకేం తెలుసు అంటారు. ఆడేవాళ్లకు సూచనలు కదా అని మనం నవ్వుకుని ముందుకెళ్తాం. నిజం తెలిశాక ఆ మాటే ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. కలలోని మనిషి తన నోట్లోంచి వస్తున్న మాట తనదెలా అయిందో ఎరగడు.

మరో చిక్కు. దీవి నిండా తిరిగే రాక్షసులున్నారే, వాళ్లకేం కావాలి? చేప లేవకూడదు. దీవి నిలవాలి. అంటే ఊళ్లోవాళ్ల ప్రాణాలు నిలవాలంటే గెలవాల్సింది రాక్షసులే. దీవికి అంతం పలికేది మన వీరుడే! లేపకుండా వదిలేద్దామా? అప్పుడు ఆ చేప పీడకలల చేతిలో ఎప్పటికీ బందీ. లింకూ బందీయే. బేతాళుడు వేసిన చిక్కుప్రశ్నకైనా విక్రమార్కుడు జవాబు చెప్పగలిగాడు. దీనికి చెప్పగలడా అని నాకు అనుమానం.

ఈ ఆట చిన్న తప్పును కూడా మరిచిపోదు. దుకాణదారుడు అటు తిరిగినప్పుడు వస్తువు ఎత్తుకుని బయటికి పరుగెత్తవచ్చు. ఎవరూ పట్టుకోరు. కాకపోతే ఆ క్షణం నుంచి మీ పేరు పోతుంది. దీవిలో అందరూ మిమ్మల్ని పిలిచే పేరు 'దొంగ'. మళ్లీ ఆ కొట్లో అడుగుపెడితే దుకాణదారుడు ప్రాణం తీస్తాడు.

మూడు రోజుల ఊరు

పిల్ల దగ్గర ఇంకో ఆట ఉంది. 2000 ఏప్రిల్‌లో జపాన్‌లో వచ్చిన 'మజోరాస్ మాస్క్'. ఇందులో ఊరి పేరు క్లాక్ టౌన్. మూడు రోజుల్లో తిరనాళ్లు. వడ్రంగులు బురుజు కడుతున్నారు. అంతా సందడి. తలెత్తి చూస్తే చంద్రుడు! వెన్నెల కురిపించే చందమామ కాడు. గుడ్లురుముతూ, పళ్లు బిగించి, గంటగంటకీ కిందికి దిగుతుంటాడు. డెబ్భై రెండు గంటలు గడిస్తే ఊరి మీద పడతాడు. ఆటలో గంటంటే మనకు 45 సెకన్లు. మొత్తం మూడు రోజులూ కలిపి 54 నిమిషాలు.

లింక్ చేతిలో ఒకరీనా అనే ఊదే వాద్యం ఉంటుంది. దాని మీద ఓ పాట వాయిస్తే కాలం వెనక్కి తిరిగి మొదటి రోజు ఉదయానికి చేరుకుంటాం. సంపాదించిన ముఖ్యమైన వస్తువులు మన దగ్గరే ఉంటాయి. జేబులో డబ్బు మాత్రం పోతుంది. బ్యాంకులో వేసింది భద్రం! ప్రళయానికీ చెరగని పద్దు ఆ బ్యాంకువాడిది.

ఇలా ఎన్నిసార్లయినా తిరగొచ్చు. ఎన్నిసార్లు తిరిగినా జనం మాత్రం మొదటి రోజు మొహాలతోనే పలకరిస్తారు. విషం నిండిన చిత్తడి నేలను కష్టపడి శుభ్రం చేస్తాం. కాలం వెనక్కి తిప్పగానే మళ్లీ విషమే. మంచులో కూరుకుపోయిన కొండజాతిని కాపాడతాం. మళ్లీ మంచే.

మరి మనం వదిలేసి వచ్చిన ఆ మూడో రోజు రాత్రి ఏమైంది? ఆట చెప్పదు. రెండే దార్లున్నాయి. ఆ రాత్రి పూర్తిగా చెరిగిపోయిందనుకుందాం. అప్పుడు మనం చేసిన మంచి కూడా చెరిగిపోయినట్టే. చెరిగిపోలేదు, ఎక్కడో కొనసాగిందనుకుందాం. అప్పుడు చంద్రుడు ఆ ఊరి మీద పడ్డట్టే. లింక్ పాట వాయించి మాయమయ్యాక అక్కడ మిగిలినవాళ్లకి తెల్లవారలేదు. ఏదనుకున్నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఊరి బయట పాలు పితుక్కుని బతికే అక్కాచెల్లెళ్లున్నారు. అక్క క్రీమియా, చెల్లి రోమాని. మూడో రోజు రాత్రి అక్క చెల్లెలికి పెద్దవాళ్లు మాత్రమే తాగే ఖరీదైన పాలు పోస్తుంది. నువ్వూ పెద్దదానివైపోయావంటుంది. ఈ రాత్రి నా పక్కన పడుకోమంటుంది. చిన్నది మురిసిపోతుంది. అక్కకి తెలుసు, రేపు లేదని. ఆ గదిలో కత్తి లేదు, రాక్షసుడు లేడు. నేను చూసిన భయంకరమైన సన్నివేశం మాత్రం అదే.

ముసలమ్మ సంచీ

ఇంతకీ నన్ను బాగా తికమకపెట్టింది ఓ పెళ్లి. క్లాక్ టౌన్‌లో సత్రం నడిపే అంజుకి, ఊరి పెద్ద కొడుకు కఫేయ్‌కి పెళ్లి నిశ్చయమైంది. కఫేయ్ శాపం తగిలి చిన్నపిల్లాడైపోయాడు. దానికి తోడు పెళ్లికి కావాల్సిన ముసుగును సకోన్ అనే దొంగ కొట్టేశాడు. సిగ్గుతో దాక్కుని, దొంగ కోసం కాపు కాస్తున్నాడు కఫేయ్. వీళ్లిద్దర్నీ కలపాలంటే మూడు రోజులూ గంటగంటకీ ఎక్కడ ఉండాలో లెక్కపెట్టుకుని తిరగాలి.

మొదటి రోజు అర్ధరాత్రి ఆ దొంగే వీధిలో ఓ ముసలమ్మ మీదపడి సంచీ లాక్కుంటాడు. మనం అక్కడే ఉండి ఒక్క దెబ్బ వేస్తే సంచీ వదిలేసి పారిపోతాడు. ముసలమ్మ దీవిస్తుంది. అంతా బాగానే ఉంది కదా!

అక్కడే ఉంది మెలిక. దొంగ ఆ సంచీని మర్నాడు రాత్రి అమ్మడానికి ఓ కొట్టుకి తెస్తాడు. కఫేయ్ అతణ్ని చూసేది అక్కడే. దొంగతనం ఆగిపోతే దొంగ ఆ కొట్టుకి రాడు. కఫేయ్‌కి జాడ దొరకదు. పెళ్లి జరగదు. అంటే అంజు నవ్వాలంటే ముసలమ్మ ఏడవాలి. ఏ గంటకి ఏ వీధిలో జరుగుతుందో మీకు తెలుసు. ఆపగల సత్తా మీకుంది. అయినా చూస్తూ ఊరుకోవాలి.

మా పిల్ల ఏం చేసిందో తెలుసా? మొదటిసారి ఆడినప్పుడు ముసలమ్మను కాపాడింది. పెళ్లి చెడింది. రెండోసారి దొంగతనం జరిగే వేళకి కావాలని ఊరి అవతలికి వెళ్లిపోయింది. "నేనక్కడ లేకపోతే నేను చూడనట్టే కదా మావయ్యా" అంది. పదకొండేళ్లకే ఈ తర్కం వచ్చేసింది. పెద్దవాళ్లం రోజూ చేస్తున్నదే కాబట్టి నేనేం అనలేకపోయాను.

ఊళ్లో ఓ పోస్ట్‌మాన్ ఉంటాడు. చంద్రుడు పడుతున్నాడని తెలుసు. పారిపోవాలని ఉంది. డ్యూటీ టైమ్ టేబుల్ మాత్రం దాటలేడు. ఓ ముఖ్యమైన ఉత్తరం అతని చేతికిస్తే, దాన్ని పుచ్చుకున్న కఫేయ్ తల్లి నువ్వూ పారిపో అని ఆజ్ఞాపిస్తుంది. అప్పుడుగానీ పరుగు తీయడు. అదే ఉత్తరం మనమే తీసుకెళ్లి ఇస్తే మనకు ఓ సీసా బహుమతి. ఒకే ఉత్తరం. అతని ప్రాణమా, మన బహుమతా?

మొత్తానికి అన్నీ సవ్యంగా జరిగితే మూడో రోజు రాత్రి తెల్లవారబోయే ముందు అంజు, కఫేయ్ కలుస్తారు. పారిపోవడానికి వేళ మించిపోయింది. ఇక్కడే ఉంటాం, తెల్లవారేదాకా కలిసే ఉంటాం అంటారు. మనకు ఓ ముసుగు బహుమతిగా ఇస్తారు. అది జేబులో వేసుకుని, పాట వాయించి, మనం మాత్రం బయటపడతాం!

చివరికి లింక్ గెలిచాక వాళ్ల పెళ్లి తెరమీద కనబడుతుంది. సంతోషమే. కానీ ఆఖరిసారి తిరిగిన మూడు రోజుల్లో మనం వాళ్లకి ఏ సాయం చేయకపోయినా, ఎప్పుడో ఒకసారి చేసి ఉంటే చాలు, పెళ్లి జరిగిపోతుంది. ఎలా? లెక్క కుదరదు. చేసిన మంచి ఊరికే పోదని ధైర్యం చెప్పడానికి తయారుచేసినవాళ్లే లెక్క తప్పారేమో అనుకున్నాను.

ఆ ధైర్యం కూడా అందరికీ ఇవ్వలేదు. ఆట మొదట్లో ఓ ఎండిన చిన్న చెట్టు కనిపిస్తుంది. ఏడుపు మొహంలా ఉంటుంది. తర్వాతెప్పుడో ఓ రాజు కొలువులో పనిచేసే ముసలాయన, మిమ్మల్ని చూస్తే ఇల్లు విడిచిపోయిన నా కొడుకు గుర్తొస్తున్నాడంటాడు. చిట్టచివర పేర్లు పడుతుండగా ఆ ముసలాయన చెట్టు ముందు మోకరిల్లి కుమిలిపోతూ కనిపిస్తాడు. ఒక్కమాట ఉండదు. మనమే కలుపుకోవాలి.

లెక్కలోకి రాని లోకాలు

ఒక్క ఆటలోనే ఇంత ఉంటే, ఆటలన్నీ కలిపి చూస్తే? 1998 నవంబర్‌లో వచ్చిన 'ఒకరీనా ఆఫ్ టైమ్' ఈ వరసకే వెన్నెముక. గానన్‌డార్ఫ్ నుంచి రాజ్యాన్ని కాపాడాలని బాలుడైన లింక్ ఒక గుడిలోని దివ్యఖడ్గం పైకి లాగుతాడు. వయసు చాలదని ఖడ్గం అతణ్ని ఏడేళ్లు నిద్రపుచ్చుతుంది. లింక్ తెరిచిన ఆ తలుపులోంచే గానన్‌డార్ఫ్ లోపలికి దూరి మహాశక్తిని చేజిక్కించుకుంటాడు. లింక్ నిద్రలేచేసరికి కళకళలాడిన సంత వీధిలో నిలబడ్డ శవాలు తిరుగుతుంటాయి. అంటే దొంగకు తలుపు తీసింది కాపలాకి వెళ్లినవాడే.

చివరికి లింక్ గెలుస్తాడు. కోల్పోయిన బాల్యం తిరిగిస్తానని జెల్డా అతణ్ని ఏడేళ్లు వెనక్కి పంపుతుంది. ఎంత మంచి మనసు! తర్వాత జరిగింది చూడండి. 2011 డిసెంబర్‌లో జపాన్‌లో వెలువడిన 'హైరూల్ హిస్టోరియా' అనే అధికారిక గ్రంథం ఆటల క్రమమంతా వరస పెట్టి చూపింది. లింక్ వెనక్కి వెళ్లడంతో కాలం రెండు పాయలైంది.

ఒక పాయలో వీరుడు వెళ్లిపోయిన రాజ్యం మిగిలింది. గానన్‌డార్ఫ్ మళ్లీ లేచాడు. జనం వీరుడు వస్తాడని ఎదురుచూశారు. రాలేదు. ఎలా వస్తాడు? అతణ్ని పంపించేశారుగా! దేవతలు వేరే దారిలేక రాజ్యాన్ని సముద్రంలో ముంచేశారు. 2002లో వచ్చిన 'విండ్ వేకర్' కథ ఇక్కడే మొదలవుతుంది. పచ్చటి దీవులు, నవ్వుల మొహాలు, పిల్లలకు ముచ్చటగా ఉండే బొమ్మలు. ఆ దీవులన్నీ మునిగిపోయిన రాజ్యంలోని కొండ శిఖరాలు! ఓ దీవిలో పిల్లలకు ఈడు రాగానే ఆకుపచ్చ బట్టలు తొడుగుతారు. మునిగిపోయిన ఆ రాజ్యం సంగతి మరిచిపోయారు. ఆచారం మాత్రం మిగిలింది.

రెండో పాయలో వెనక్కి వెళ్లిన బాలుడున్నాడు. కీడు ముందే తెలిసి ఆపారు. కాబట్టి యుద్ధమే జరగలేదు. జరగని యుద్ధంలో గెలిచినవాణ్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 2006 నాటి 'ట్విలైట్ ప్రిన్సెస్'లో కొత్త లింక్‌కి కత్తిసాము నేర్పే ఓ అస్థిపంజర యోధుడు కనిపిస్తాడు. వీరుడిగా గుర్తింపు పొందలేకపోయానన్న చింతతో తిరిగే ఆత్మ అది. అది ఆనాటి బాలుడే అని గ్రంథం తేల్చి చెప్పింది.

మూడో పాయ అన్నిటికంటే ఘోరం. అందులో లింక్ చివరి యుద్ధంలో ఓడిపోయాడు. 1986లో వచ్చిన మొట్టమొదటి ఆట, మా పిల్ల ఆడుతున్న మారిన్ కథ, రెండూ ఈ పాయలోవే. ఆడుతూ ఆడుతూ ఓడిపోతే మనం మీట నొక్కి మళ్లీ మొదలుపెడతాం కదా. అలా మనం వదిలేసిన ఓటమి కూడా ఎక్కడో ఒక లోకమై కొనసాగిందని దానర్థం. ఏళ్ల తరబడి సంతోషంగా ఆడుకున్న ఆటలు, వీరుడు చచ్చిపోయిన లోకంలోనివని పాతికేళ్ల తర్వాత తెలిస్తే ఎలా ఉంటుంది!

గానన్‌డార్ఫ్ సంగతి కూడా చెప్పుకోవాలి. అతను ఎడారి జాతివాడు. ఆ జాతిలో నూరేళ్లకొక మగబిడ్డ పుడతాడు. వాడే రాజు. 'విండ్ వేకర్' చివర అతను తన గోడు చెప్పుకుంటాడు. తమ ఎడారిలో గాలి పగలు కాల్చేది, రాత్రి గడ్డకట్టించేదట. ఎటు వీచినా చావే తెచ్చేదట. హైరూల్‌లో వీచే గాలి మాత్రం వేరుగా ఉండేదట. ఆ గాలి కోసమే ఆశపడ్డానంటాడు. అతను చేసిన ఘోరాలు ఘోరాలే. అయినా సరిహద్దుకు అటు పచ్చదనం, ఇటు ఇసుక ఎందుకున్నాయన్న ప్రశ్న హైరూల్ రాజులు ఎప్పుడైనా వేసుకున్నారా?

పోనీ పుణ్యం కట్టుకున్న దేవత తీరు చూద్దామా! 2011లో వచ్చిన 'స్కైవార్డ్ స్వోర్డ్' ఈ కథలన్నిటికీ ముందుది. అందులో దేవతే జెల్డాగా మనిషి జన్మ ఎత్తుతుంది. జెల్డా కోసం లింక్ ఎంతకైనా తెగిస్తాడని దేవతకు ముందే తెలుసు. ఆ ప్రేమను పనిముట్టుగా వాడుకున్నానని జెల్డాయే తర్వాత అతని ముందు బాధపడుతుంది. చివర్లో చచ్చే రాక్షసరాజు శాపం పెడతాడు. నా ద్వేషం మళ్లీ మళ్లీ పుడుతుంది, మీ వంశాలు, మీ ఆత్మలు దాన్ని తప్పించుకోలేవు అని. ఆ తర్వాత వచ్చిన లింకులందరూ, జెల్డాలందరూ ఆ శాపంలోకే పుట్టారు.

అతిగా ఆలోచిస్తున్నామా?

మీరిప్పుడు నవ్వుకుంటూ ఉండొచ్చు. పిల్లల ఆటకి ఇంత వేదాంతమా అని. నాకూ ఆ అనుమానం వచ్చింది. కొన్ని చీకట్లకు కారణం చాలా మామూలుది కూడా. 'ఒకరీనా' అయ్యాక అందులోని గుహల్నే మార్చి ఇంకో ఆట చేయమన్నాడు మియమోటో. ఐజీ అవొనుమాకి అది నచ్చలేదు. అయితే ఏడాదిలో కొత్త ఆట చేసి చూపించమని మియమోటో అన్నాడు. అంత తక్కువ సమయంలో కొత్త బొమ్మలు ఎక్కణ్నించి తెస్తారు? పాత ఆటలో మనుషుల్నే కొత్త ఊళ్లో కొత్త పేర్లతో దింపారు. కాలం తిరగబెట్టే ఆలోచన యోషియాకి కొయిజుమి వేరే ఆట కోసం అనుకుంటున్నది. మొదట వారం రోజులనుకుని చివరికి మూడు రోజులకి కుదించారు. అలాగే 'లింక్స్ అవేకెనింగ్'లోని వింత మనుషుల వెనక 'ట్విన్ పీక్స్' అనే అమెరికా టీవీ సీరియల్ ప్రభావం ఉందని తెజుకా చెప్పాడు.

కాబట్టి అన్నీ ముందే పన్నిన వ్యూహాలనుకోనక్కర్లేదు. చాలని సమయం, చాలని బొమ్మలు, పని తేలిక చేసుకునే ఉపాయాలు. కానీ అక్క చెల్లెలికి పాలు పోసిన సన్నివేశం ఎవరూ సమయం చాలక పెట్టలేదు. చెట్టు ముందు తండ్రిని మోకరిల్లబెట్టకపోయినా ఆటకొచ్చే నష్టం లేదు. పెట్టారు. ఎవరో ఒకరు ఆ మూల కూర్చుని, వీరుడు పట్టించుకోని మనిషి గురించి ఆలోచించారు.

మన పెద్దలు చెప్పే కథ ఒకటుంది. నారదుడు మాయలో పడి స్త్రీ అయి, ఓ రాజును పెళ్లాడి, అరవైమంది కొడుకుల్ని కంటాడు. వాళ్లంతా యుద్ధంలో చనిపోతారు. గుండె పగిలి ఏడుస్తుంటే మాయ తొలగిపోతుంది. నారదుడు మళ్లీ నారదుడే. అక్కడితో కథ ఆపేయొచ్చు. మన పెద్దలు ఆపలేదు. మరి ఆ పిల్లలో? మాయలో పుట్టినా వాళ్ల కోసం కార్చిన కన్నీరు నిజం కదా. అందుకే విష్ణువు వాళ్లని అరవై సంవత్సరాలుగా మార్చాడట. ప్రభవ, విభవ అంటూ ప్రతి ఉగాదికీ మనం పిలిచేది ఆ పిల్లల పేర్లే. కలలో మనుషులకు కూడా ఓ చోటు చూపించాలన్న పట్టుదల మనకు కొత్త కాదన్నమాట.

ఈ కథ మా మేనకోడలికి చెప్పాను. కాసేపు ఆలోచించింది. "మరి మారిన్‌కి?" అంది.

ఉంది. ఆటను ఒక్కసారి కూడా చావకుండా పూర్తిచేసినవాళ్లకి చిట్టచివర మారిన్ ఆకాశంలో కనిపిస్తుంది. తను కోరుకున్నట్టే సముద్రపు కొంగగా మారిందని సూచన. ఒక్కసారి చచ్చినా కనిపించదు. మా పిల్ల అప్పటికి చాలాసార్లు చచ్చింది. లెక్క కూడా ఉంది, ముప్ఫై ఒకటి!

ఆ రాత్రే స్విచ్ తీసింది. పాత ఆటను ముగించలేదు. చెరపనూ లేదు. దాని కింద ఇంకో ఖాళీ వరస ఉంటే, అందులో కొత్తగా మొదలుపెట్టింది.

"ఇదేంటి, మళ్లీ మొదట్నుంచా?" అన్నాను.

"పాతదాంట్లో ఊరు అలాగే ఉంటుంది మావయ్యా. ఎవరూ లేపరు. ఇందులో మారిన్ ఎగిరిపోతుంది."

సెలవులు అయిపోయి వాళ్లూరు వెళ్లిపోయింది. మొన్న ఫోన్ చేస్తే ఆరో వాద్యం దాకా వచ్చిందని చెప్పింది. ఇంతవరకూ ఒక్కసారి కూడా చావలేదట. తొందరేం లేదు, నెమ్మదిగా ఆడుతోందట.